పసుపు తాగిన బొగ్గు

బుధవారం, ఆయుధ పూజ

ఇవాళ్టి దండం: గాలి మిషనుకి.

మా ఎర్రవలసలో డ్యూటీ పుస్తకం రాసేవాళ్ళెవరైనా మొదటి వరుసలో ఒక దండం రాయాలి. ఎవరి పుణ్యాన ఆ రోజు పని నడుస్తోందో ఆ మనిషికో, ఆ వస్తువుకో. ఈ నియమం పెట్టింది చిన్నంనాయుడు మాస్టారు, నాకు ఈ పని నేర్పిన మనిషి. ఆయన పోయారు గానీ నియమం పోలేదు. కొందరు బద్ధకించి రోజూ "అందరికీ" అని రాసేసి ఊరుకుంటారు. మా ఆయన సింహాచలం కరెంటు గది పుస్తకం నిండా "అందరికీ" అనే ఉంటుంది. ఇదేం పని అని అడిగితే, ఆ అందరిలో నువ్వూ ఉన్నావు కదా అన్నాడు. మాటలకేం తక్కువ లేదు.

నాది మందుల గది. గదికి ఒక పక్క తొట్టి ఉంది. అందులో ఈస్టు పులుస్తూ మందు తయారుచేస్తుంది. కాకపోతే అది మందొక్కటే చెయ్యదు. తీపి, పులుపు, పేరు తెలియని మడ్డి అన్నీ కలిపి కషాయంలా చేసి పెడుతుంది. ఆ కషాయంలోంచి మందుని విడదీసేది నల్లగొట్టం. మోచెయ్యంత పొడుగుంటుంది, లోపలంతా బొగ్గుపొడి కూరి ఉంటుంది. పైనున్న గరాటాలో కషాయం పోసి పంపు వేస్తే, దారిలో బొగ్గు ఒక్కొక్క పదార్థాన్ని ఒక్కోసేపు పట్టుకుని వదులుతుంది. బొగ్గుకి కరెంటు తీగ తగిలించి ఉంటుంది. మీట కుడికి తిప్పితే బొగ్గు కొన్నిటిని గట్టిగా పట్టుకుంటుంది, ఎడమకి తిప్పితే వదిలేస్తుంది. భూమ్మీద ఇదే పనికి రకరకాల స్పిరిట్లు మార్చి మార్చి పోస్తారట. మాకు స్పిరిట్ ఎక్కడిది. ఏడాదికో రెండేళ్ళకో భూమి నుంచి ఓడ వస్తే అందులో ఇంజన్ల సామాను తప్ప దేనికీ చోటుండదు. మాకున్నవి నీళ్ళు, కరెంటు, బొగ్గు.

బొగ్గు కూడా ఊరికే రాలేదు. ఇక్కడ మేం వదిలిన ఊపిరిని గాలి మిషను లాక్కుని, అందులోంచి మళ్ళీ పీల్చే గాలి, తాగే నీళ్ళు తీసి ఇస్తుంది. అడుగున మసి మిగులుతుంది. మొదట వచ్చినవాళ్ళు ఆ మసిని పారెయ్యకుండా దాచారు. మాస్టారు దాన్ని నెల రోజులు కొలిమిలో కాల్చి, జల్లించి, ఈ గొట్టంలో కూరారు. అందుకే ఇవాళ నా దండం గాలి మిషనుకి.

పూజ బాగా జరిగింది. పారలకి, పంపులకి, బయటికెళ్ళే సూట్ల టోపీలకి అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు. ఇక్కడ కొబ్బరికాయ లేదు కాబట్టి బూడిద గుమ్మడికాయ కొట్టారు. నేను నల్లగొట్టం స్టాండుకి మూడు బొట్లు పెట్టి గాలి మిషను దగ్గరికి బయల్దేరాను. మా అత్త వరహాలమ్మ మాత్రం మందుల గదిలోనే ఆగింది.

"నువ్వెల్లమ్మా. నానొక దండం పెట్టుకోని వొస్తాను. నీకంటె నాకే దీంతో ఎక్కువ సుట్టరికం" అంది.

ఆ మాట నిజమే. అత్త మూత్రపిండాల మీద ఉండాల్సిన చిన్న గ్రంథులు ఎప్పుడో పని మానేశాయి. వాటిలో ఊరాల్సిన రసమే మేం తీసే మందు. రోజూ పొద్దునా మధ్యాహ్నం చుక్క వేసుకుంటే ఆవిడ తోటలో పసుపు మళ్ళు తవ్వుతుంది, నాతో దెబ్బలాడుతుంది. వేసుకోకపోతే రెండు మూడు రోజుల్లో మంచం, ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. నేను పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆవిడ చుక్క నా చేతి మీదుగానే పోతోంది. ఏ కోడలికీ అత్త మీద ఇంత అధికారం ఉండదని మా ఆయన అంటాడు.

గురువారం

ఇవాళ్టి దండం: తొట్టికి. పోయిన నెలంతా దాన్ని కడిగి బాగుచెయ్యడానికే సరిపోయింది. నిల్వ మందు దాదాపు అయిపోయింది. మళ్ళీ పులవడం మొదలైంది కాబట్టి ఇక భయం లేదు.

పై వరుస పొద్దున రాసింది. సాయంత్రం రాస్తున్నది వేరు.

పొద్దునే పంపు వేశాను, గొట్టంలో కాసేపు నీళ్ళు పోనిచ్చాను, కషాయం పోశాను. గొట్టం కిందనుంచి ఏం దిగుతోందో తెర మీద ఒక గీత చూపిస్తుంది. మామూలుగా ఆ గీతలో చిన్న చిన్న దిబ్బలు వెళ్ళాక చివర రెండు గుట్టలు వస్తాయి. మొదటి గుట్ట మందు. రెండోది దాని కవల. రూపంలో మందులాగే ఉంటుంది గానీ గుణం ఎదురు. ఒంట్లోకి పోతే మందు కూర్చోవాల్సిన చోట అది కూర్చుని, మందుని పని చెయ్యనివ్వదు. వాటిని విడదీయడానికే ఈ గొట్టం, ఈ మీట, నా జీతం.

ఇవాళ ఒక్కటే గుట్ట వచ్చింది. వెడల్పుగా, చదునుగా, అన్నీ కలిసిపోయి.

మీట కుడికి తిప్పాను, ఎడమకి తిప్పాను, మళ్ళీ పోశాను. అదే గుట్ట. మా ఆయన్ని పిలిచాను. మీటరు తెచ్చి తీగలన్నీ చూశాడు.

"కరెంటు సుబ్బరంగా ఉంది. నీ గొట్టమే అలిగింది" అన్నాడు.

"నిన్న నీ పూజలో తీగలేమైనా లాగారా?"

"తప్పంతా కరెంటుదే అనకపోతే నీకు అన్నం అరగదు" అన్నాడు. అని, మళ్ళీ మొదటి నుంచి ప్రతి తీగా చూశాడు. విసుక్కుంటూనే పని చేస్తాడు, అది ఆయన మంచి గుణం.

డాక్టర్ జుబేదా గారికి చెప్పాను. ఆవిడ సీసా వెలుతురుకి పట్టి చూశారు. అత్తకి వచ్చే బుధవారం దాకా సరిపడా చుక్కలు ఉన్నాయి. "ఆ లోపల బాగవుతుందిగా హైమా" అన్నారు. అవుతుందని చెప్పాను. చెప్పాక ఆ మాటకి బరువు లేదని నాకే అనిపించింది.

శుక్రవారం

ఇవాళ్టి దండం: ఎవరికీ లేదు. మాస్టారు క్షమించాలి.

పొద్దున గొట్టం పై మూత విప్పాను. మూత కింద సన్నటి జల్లెడ బిళ్ళ ఉంటుంది. అది పచ్చగా ఉంది. వాసన చూశాను. ఏ ఇంట్లోనైనా పోపు వేసే ముందు వచ్చే వాసన. పసుపు.

ఇంటికెళ్ళాను. అత్త పీట మీద కూర్చుని తోట నుంచి తెచ్చిన పసుపు కొమ్ములకి మట్టి దులుపుతోంది.

"అత్తా, పూజ రోజున గొట్టంలో ఏమైనా పోశావా?"

"పోసినాను" అంది. దాపరికమేమీ లేదు, పైగా మొహం వెలిగింది. "అందరూ పైన బొట్టు పెట్టీసి ఎల్లిపోనారు. పైన పెడితే దానికేటి తెలుస్తాది? అది తాగీది లోపలకి గదా. పసుపు మరగబెట్టి, నలకలుంటే నువ్వు తిడతావని గుడ్డతో వడగట్టి మరీ ఆ గరాటాలో గిన్నెడు పోసినాను. ఇన్నేళ్ళు నా పేనం నిలబెట్టినాది. దానికి నానేటి ఇచ్చినాను సెప్పు?"

నాకు కోపం వచ్చిందని రాయాలి. వచ్చింది. కానీ ఆ కోపం పెట్టడానికి చోటు దొరకలేదు. గురువారం పొద్దున పంపు వేసి ఆ పసుపునీళ్ళని బొగ్గులోకి నెట్టింది నేనే. గరాటాలో ఏముందో చూడలేదు. పూజ మర్నాడు పని హుషారులో ఉన్నాను.

అత్తకి మెల్లగా చెప్పాను. పసుపులో ఉండే రంగు బొగ్గుని పట్టుకుంటే వదలదు. గింజ గింజకీ పూత పూసినట్టు అంటుకుంటుంది. ఇక మందు పట్టుకోవడానికి బొగ్గుకి చోటు లేదు. అత్త చేతిలో కొమ్ము అలాగే ఉండిపోయింది.

"అంటే ఇంక మందు రాదా?"

"వస్తుంది. కడుగుతాను."

"అది నాకొక్కదానికే గాదు గదమ్మా. పక్కింటి సన్యాసి కొడుకు ఫిట్స్ మందు కూడా దాంట్లోదే గదా."

అవును. ఆ మందు నిల్వ ఇంకా రెండు నెలలకి ఉంది. అత్తకి లేదు. ఆవిడ అడిగింది మాత్రం సన్యాసి కొడుకు గురించి.

వేడినీళ్ళు పోసి చూశాను. రంగు కదల్లేదు. మధ్యాహ్నం డాక్టరు గారు ఆపరేషన్ల కోసం దాచిన స్పిరిట్ సీసా తెచ్చి నా ముందు పెట్టారు. వద్దన్నాను. "మనిషి కంటే సీసా ఎక్కువా?" అని సగం నా గిన్నెలో పోశారు. పోస్తే కిందనుంచి పచ్చటి చుక్కలు పడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. స్పిరిట్ అయిపోగానే చుక్కలు తెల్లబడ్డాయి. గొట్టమంతా కడగాలంటే బిందెడు కావాలి. మిగతా సగం ఆవిడ దగ్గరే ఉంచమన్నాను. రేపు ఎవరికైనా కడుపు కొయ్యాల్సి వస్తే ఏం చేస్తారు.

కొత్త బొగ్గు కూరాలంటే నెల కాల్చాలి. అదీ లెక్క.

శనివారం

ఇవాళ్టి దండం: డాక్టర్ జుబేదా గారికి. ఈ వరుస ఎంత పెద్దగా రాసినా చాలదు.

పొద్దున వంటగదిలో ఉప్పు డబ్బా తీస్తే సగమే ఉంది. మొన్న నింపాను. మందు తగ్గినప్పుడల్లా అత్తకి ఉప్పు మీదికి మనసు పోతుంది. ఒంట్లో ఉప్పు నిలవదు కాబట్టి ఒళ్ళే అడుగుతుంది. పరుగెత్తి చుక్కల సీసా చూశాను. నిన్నా ఇవాళా తగ్గాల్సినంత తగ్గలేదు.

అత్త తోటకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి పసుపు మడి గట్టు మీద కూలబడి ఉంది. పెదాలు నల్లగా, ఒళ్ళు చల్లగా. చేతిలో చిటికెడు ఉప్పు.

"సగం సగం ఏసుకుంటే పది రోజులొస్తాదని" అంది. "నువ్వు కడగడానికి తీరికుంటాది గదాని."

ఆ మాట విన్నాక నేనేమన్నానో నాకు గుర్తు లేదు. గట్టిగానే అన్నానని పక్క మడిలో ఉన్నవాళ్ళు తర్వాత చెప్పారు. మా ఆయన వచ్చి వాళ్ళమ్మని చేతుల మీద ఎత్తుకుని పోయాడు. డాక్టరు గారు ఉప్పునీళ్ళు ఎక్కించారు, సీసాలో ఉన్నదాంట్లో చాలా భాగం ఒక్కసారే ఇచ్చారు. ఒళ్ళు పడిపోయినప్పుడు అలాగే ఇవ్వాలట, మామూలు చుక్క సరిపోదు. సాయంత్రానికి అత్త కళ్ళు తెరిచి కూర్చుంది. కాఫీ అడిగింది. బతికింది. కాఫీ నేనే కలిపాను, ఆవిడ తాగుతుంటే గోడ వైపు తిరిగి ఏడ్చాను.

తలుపు బయట డాక్టరు గారు చెప్పారు. "రేపు మధ్యాహ్నం దాకా ఉంది హైమా. ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు. ఆ కలిసిపోయిన మందు ఇస్తే ఇంకా త్వరగా పోతుంది."

అంటే వారం లేదు. ఒక పూట ఉంది.

లోపలికి వెళ్తే అత్త పళ్ళెం తెమ్మంది. పసుపు, సున్నం తెమ్మంది. మా గోడలకి పూసే సున్నమే. ఎందుకని అడిగితే, "నీకు దిష్టి తగిలినాది. రెండ్రోజుల్నుంచి నీ మొగం సూడలేకున్నాను. ఇలగ కూకో" అంది. అంత నీరసంలోనూ ఆ పట్టుదల. మా ఆయన కళ్ళతోనే నాకు సైగ చేశాడు, కూర్చోమని. కూర్చున్నాను.

పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలిపింది. పచ్చగా ఉన్నాయి. సున్నం వేలితో తీసి అందులో వేసింది. పచ్చటి నీళ్ళు సున్నం తగిలిన చోట ఎర్రగా విచ్చుకుని, కలుపుతుంటే పళ్ళెమంతా ఎర్రబడింది. ఎర్రనీళ్ళు. పెళ్ళైన కొత్తలో నన్ను గుమ్మంలో నిలబెట్టి తిప్పినవీ ఇవే. అత్త వణికే చేతులతో పళ్ళెం నా మొహం చుట్టూ తిప్పుతూ ఏదో గొణుగుతోంది. నేను నీళ్ళనే చూస్తున్నాను.

సున్నం తగిలితే పసుపు రంగు ఎందుకు మారుతుందో మాస్టారు ఒకసారి చెప్పారు. సున్నం, బూడిద లాంటి క్షారాలు తగిలితే పసుపులోని రంగు తన ఒంటి మీద నుంచి ఒక చిన్న ముక్క వదిలేసుకుంటుంది. వదిలేసుకోగానే దాని మీద రుణ విద్యుత్తు మిగులుతుంది. అందుకే ఎర్రబడుతుంది.

బొగ్గు మీద కూడా నేను రుణ విద్యుత్తు పెట్టగలను. మీట ఎడమకి తిప్పితే చాలు. అప్పుడు రెండూ ఒకే రకం. ఒకే రకం ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి.

"అత్తా, ఆగు" అన్నాను.

"దిష్టి తియ్యకుండా మద్దిలో లెగకూడదు" అని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. పూర్తయ్యేదాకా కూర్చున్నాను. ఆ రెండు నిమిషాలు నా జన్మలో అతి పొడుగైనవి. ఆ చేతులకి నేనెంత రుణపడ్డానో ఆ రెండు నిమిషాల్లోనే తెలిసింది.

ఆదివారం

ఇవాళ్టి దండం: అరటి చెట్టుకి.

సున్నపు తేట గొట్టంలో పొయ్యకూడదు. లోపల రాయి కట్టి బొగ్గు గింజల మధ్య దారులు మూసుకుపోతాయి. పసుపు పోయినా గొట్టం పోతుంది. బూడిద నీళ్ళయితే ఆ బాధ లేదు. ఇక్కడ ఎండిన అరటి దవ్వలన్నీ కాల్చి బూడిద తోటకి ఎరువు వేస్తారు. తెల్లవారగానే మా ఆయన ఒక డబ్బాడు బూడిద తెచ్చాడు. నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పైతేట తీసి గుడ్డతో వడగట్టాను. అత్త పసుపు గుడ్డతో కాదు, వేరే గుడ్డతో. వేలికి తగిలితే సబ్బు నీళ్ళలా జారింది. చిటికెడు పసుపు వేసి చూశాను. ఎర్రబడింది.

ఇక మిగిలింది మీట. ఎడమ వైపు ఒక ఎర్ర గీత ఉంది, మాస్టారు గీసింది. అది దాటి తిప్పితే బొగ్గులో నీరే విరిగి బుడగలు పుడతాయి. బుడగలు పుడితే కూరిన బొగ్గు బీటలు వేస్తుంది. ఇక ఆ గొట్టం ఎవరికీ పనికిరాదు, అత్తకీ, సన్యాసి కొడుక్కీ. గీత దాకా తిప్పకపోతే రంగు కదలకపోవచ్చు. బూడిద నీళ్ళు పోసినప్పుడు ఆ గీత ఎక్కడ ఉండాలో మాస్టారు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి ఆ అవసరం రాలేదు. గొట్టానికి పసుపు తాగించిన వాళ్ళు అప్పట్లో లేరు.

డాక్టరు గారు వచ్చి నిలబడ్డారు. "పాడైతే?" అన్నారు.

"పాడైతే కొత్తది కూరుతాను. నెల పడుతుంది. అత్తకి నెల లేదు" అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

పంపు వేశాను. మా ఆయన మీటరు పట్టుకుని సూది మీద నుంచి కళ్ళు తియ్యలేదు. నేను మీట కొంచెం కొంచెం ఎడమకి తిప్పాను. బుడగ పుడితే సూది వణుకుతుంది. గొట్టం కింద గాజు గిన్నె పెట్టాం. తెల్లటి చుక్కలు పడ్డాయి. ఇంకా తిప్పాను. తెల్లవే.

"గీతకి వెంట్రుక వాసిలో ఉన్నావు" అన్నాడు మా ఆయన.

"సూది?"

"కదల్లేదు. తిప్పు. నేను చెప్తాను."

ఆయన గొంతులో వెటకారం లేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ గొంతు వినడం నాకు అదే మొదలు. గీత మీదికి తిప్పాను. సూది ఒక్కసారి వణికింది. చెయ్యి తీసేయబోయాను. "ఆగు, నిలబడింది" అన్నాడు. నిలబడింది.

గిన్నెలో పడిన చుక్క గులాబీ రంగులో ఉంది. తర్వాతది ఎర్రగా ఉంది. ఆ తర్వాత వరసగా ఎర్రనీళ్ళు. పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణిలా చిక్కగా దిగింది. అంత రంగు ఆ మోచెయ్యంత గొట్టంలో ఎలా పట్టిందో తెలియదు. డాక్టరు గారు నా వీపు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తోంది.

రంగు పోయి చుక్క తెల్లబడేదాకా పోశాం. మంచినీళ్ళతో కడిగాను. మీట మామూలు చోటికి తెచ్చి, గరాటాలోకి తొంగి చూసి (ఇక జన్మలో చూడకుండా పంపు వెయ్యను), కషాయం పోశాను. తెర మీద చిన్న దిబ్బలు వెళ్ళాయి. తర్వాత చాలాసేపు తెర మీది గీత నేల మీదే పాకింది. తర్వాత లేచింది. దిగింది. మధ్యలో లోయ. మళ్ళీ లేచింది.

రెండు గుట్టలు.

మొదటి గుట్ట మాత్రమే వేరు గిన్నెలో పట్టి డాక్టరు గారి చేతికిచ్చాను. పాత సీసాలో చివరి చుక్కలు అయిపోయిన పూటకే కొత్తవి అత్త నోట్లో పడ్డాయి. ఆవిడ చప్పరించి, "కొంచెం పసుపు వాసనొస్తన్నాదేటి?" అంది. రాదు. నన్ను ఉడికించడానికి అన్నది. నాకు అర్థమయ్యేలోపల మా ఆయన నవ్వు మొదలుపెట్టాడు.

ఆ ఎర్రనీళ్ళ గిన్నె ఏం చెయ్యాలని అడిగితే, నాలుగు దారులు కలిసేచోట పోసి రమ్మంది అత్త. మా సొరంగాలు నాలుగు కలిసేది గాలి మిషను ముందే. అక్కడ నీళ్ళు పొయ్యడం నిషేధం. తోటలో పోశాను.

తర్వాతి శుక్రవారం

ఇవాళ్టి దండం చివర రాస్తాను. మాస్టారు ఏమీ అనుకోరు.

గొట్టం పూర్తిగా మునుపటిలా అవ్వలేదు. రెండు గుట్టల మధ్య లోయ మునుపటంత లోతుగా లేదు. ఇంకో ఏడాది నడుస్తుంది, జాగ్రత్తగా చూసుకుంటే రెండేళ్ళు. ఈ లోపల కొత్త గొట్టం కూరి ఉంచాలని పంచాయతీలో చెప్పాను, ఒప్పుకున్నారు. గాలి మిషను అడుగున పడే మసిని సోమవారం నుంచి విడిగా దాస్తున్నారు.

అత్త మళ్ళీ తోటకి వెళ్తోంది. నాలుగు రోజులు మందుల గది గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళిపోయింది. నిన్న పిలిచి లోపల కూర్చోబెట్టాను. గొట్టం వైపు చూడకుండా కూర్చుంది.

"పైన బొట్టు పెట్టుకో అత్తా. పైన ఎంతయినా పెట్టు" అన్నాను.

"పైన పెడితే దానికి తెల్దు గదా" అంది. ఆవిడ పట్టు ఆవిడదే. మళ్ళీ తనే, "దానికి నానేటి ఇవ్వాలో తెల్లేదు. ఇచ్చినదేమో ఇసమైపోనాది. తీసుకోడమే గాని ఇవ్వడం నాకు రాలేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఏడవలేదు. అందుకే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

అప్పుడు చెప్పాను, ఆ బొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో. ఆవిడకి తెలియదని నేను ఎప్పుడూ అనుకోలేదు. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. ఈ గొట్టంలో ఉన్నది మొదట వచ్చినవాళ్ళు వదిలిన ఊపిరి. మాస్టారి ఊపిరి ఉంది అందులో. మా మామగారిది కూడా ఉంది, అత్త పెళ్ళినాటిది. ఆయన వదిలిన ఊపిరి మసై, మసి బొగ్గై, ఇన్నేళ్ళు ఆవిడ మందుని పట్టి ఇచ్చింది.

అత్త లేచి గొట్టం దగ్గరికి వెళ్ళింది. చీర కొంగుతో స్టాండు మీద దుమ్ము తుడిచింది. దుమ్మేమీ లేదు. "ఇదేటి, మునుపే సెప్పొచ్చు గదా" అంది. మామగారిని విసుక్కున్నట్టే అంది.

ఇవాళ సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే గాలి మిషను జాలీ ముందు అత్త కనిపించింది. చేతులు జోడించి, జాలీకి మొహం ఆనించి, పొయ్యి ఊదినట్టు ఊపిరి వదులుతోంది. వదిలి, పీల్చి, మళ్ళీ వదులుతోంది. ఊళ్ళో ఎక్కడ వదిలినా ఆ ఊపిరి అక్కడికే చేరుతుందని చెప్పబోయి ఆగాను. ఆవిడ వెనకాల మా ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనకాల సన్యాసి, కొడుకు చెయ్యి పట్టుకుని. ఎవరూ ఎవరినీ రమ్మనలేదట. అత్త నన్ను చూసి పక్కకి జరిగింది.

"రా, నువ్వూ ఒకటి ఇచ్చీ" అంది.

ఇచ్చాను.

ఇవాళ్టి దండం: నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే మనిషికి. నీ గొట్టంలో కూరిన బొగ్గులో మా అత్త వరహాలమ్మ ఊపిరి ఉంది, ఆవిడ చేతులు జోడించి ఇచ్చింది. నమ్మకంగా వాడుకో. గరాటాలోకి మాత్రం రోజూ తొంగి చూడు.